ఓనరు బల్ల మీద కుళ్ళిన గులాబీలు

మా సారు పోయారన్న సంగతి నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఓనరు పెట్టిన మెసేజ్. పైన చేతులు జోడించిన బొమ్మ, "మన కుటుంబ పెద్ద ఇక లేరు" అని ఒక ముక్క, దాని కిందే "సోమవారం డెమోలో మార్పు లేదు". బస్టాండులో నిలబడి చదివాను. ఏడుపు కంటే ముందు ఫోను మూసి సంచిలో పడేశాను. ఛీ, ఏం మనిషివయ్యా!

మీకు మా సారు తెలిసి ఉండరు. హోసూరులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఆయన అక్కడ అందరికంటే సీనియర్, నాకు పని నేర్పిన మనిషి. కృష్ణగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. డేటాబేస్‌లో ఉన్న సమాచారాన్ని తెచ్చి ప్రోగ్రాం చేతిలో పెట్టే లైబ్రరీ ఒకటి ఆయన ఎప్పుడో జావాలో రాశారు. మేం అమ్మే ప్రోగ్రాములన్నీ దాని మీదే నడుస్తాయి. దాన్ని గో అనే ఇంకో కంప్యూటర్ భాషలోకి మార్చాలన్నది ఆఫీసు నిర్ణయం.

ఆయన శాంతమూర్తి అని అబద్ధం చెప్పను. చెత్త కోడ్ కనిపిస్తే "థూ" అని లేచి, జేబులోంచి చేతిగుడ్డ తీసి కంప్యూటర్ తెర తుడిచేవారు, అక్కడేదో అంటుకున్నట్టు. నేను ఆ లైబ్రరీలో ఒక ముక్కను గోలోకి మార్చి తీసుకెళ్తే ముందు తెర వైపే చూసేవారు కాదు. "ఇది ఏం చేస్తాదో నోటితో చెప్పమ్మా. కంప్యూటర్ మాటలొద్దు, ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పు" అనేవారు. తడబడితే, "నీకే తెలీందాన్ని ఆ భాషలోంచి ఈ భాషలోకి యాడ మోస్తావు? పో, చూసుకోని రా" అని పంపేసేవారు. తిట్టుకుంటూ పోయేదాన్ని. ఈ రోజు నాకు నాలుగు మెతుకులు పుడుతున్నాయంటే ఆ తిట్ల వల్లే.

ఓనరుకు ఈ పద్ధతి గిట్టలేదు. ఏదో టూల్‌తో లైబ్రరీ మొత్తాన్ని ఒక్క పూటలో గోలోకి మార్పించి, సారుకు చూపించకుండానే బాగలూరులో ఒక పూల రైతు కోల్డ్‌రూంలో పెట్టించాడు. లోపల చలి ఎంతుందో మీటరు చెబుతుంది, దాన్నిబట్టి మా ప్రోగ్రాం కూలింగ్ నడుపుతుంది. ఒకరోజు మీటరు పాడైంది. డేటాబేస్‌లో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ అంటే తెలియదని. సారు రాసిన లైబ్రరీ అయితే ఖాళీని ఖాళీగానే ఇచ్చేది, ప్రోగ్రాం వెంటనే రైతుకు ఫోను కొట్టేది. కొత్తది ఆ ఖాళీని సున్నా చేసి ఇచ్చింది. సున్నా డిగ్రీలంటే గడ్డకట్టే చలి కదా, ప్రోగ్రాం కూలింగే ఆపేసింది.

సారు, నేను బాగలూరు వెళ్ళి కోల్డ్‌రూం తలుపు తీయగానే వాసన ముఖాన కొట్టింది. గులాబీలు కట్టలు కట్టలుగా నల్లబడి, జిగటగా కారుతున్నాయి. రైతు అరవలేదు. "ఏమప్పా, పెండ్లిండ్లకు ఒప్పుకున్న పూలు. మా ఆడోళ్ళు మంచులో నిలబడి కోసినారు" అన్నాడంతే. సారు ఒక కట్టను సంచిలో వేసుకున్నారు. బస్సులో జనం తిడుతున్నా ఒళ్ళోంచి దించలేదు. తెచ్చి నేరుగా ఓనరు బల్ల మీద పెట్టారు.

"ఛీ ఛీ, ఏందప్పా ఇది! ఈడ పెడతారా ఎవురైనా?" అని ఓనరు ముక్కు మూసుకున్నాడు.

"మీరు మార్పించిన లైబ్రరీ సార్. ఆడే వదిలేసి వస్తే మీకు వాసన రాదు గదా, అందుకే తెచ్చినాను."

మర్నాటి నుంచి సారు మొదటి వరుస నుంచీ చేత్తో మార్చడం మొదలుపెట్టారు. అన్నిటికంటే ముందు ఒక పరీక్ష రాసి, దానికి "ఖాళీ సున్నా కాదు" అని పేరు పెట్టారు. లైబ్రరీ సరిగా నడిస్తే ఆ పేరు తెర మీద పచ్చగా వస్తుంది, లేకపోతే ఎర్రగా. దాని తర్వాత రాసిన పరీక్షలన్నీ పచ్చబడ్డాయి. ఇదొక్కటి ఇంకా ఎర్రగా ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది.

ఆఫీసులో పెట్టిన సంతాప సభలో, గోడ మీది సారు ఫొటోకు ఓనరు గులాబీల దండ వేశాడు. బాగలూరు పూలే! విలువలున్న మనిషి అన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తడి ఆరకముందే నా పక్కకు వచ్చి, "ఆ ఒక్క టెస్టు తీసెయ్యమ్మా. సోమవారం డెమోకు ఆ రైతే వస్తాడు, అంతా పచ్చగా కనపడల్ల" అన్నాడు గుసగుసగా. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

"తియ్యను సార్" అన్నాను.

సోమవారం రైతు వచ్చాడు. తెర నిండా పచ్చ వరుసలు, మధ్యలో ఎర్రది ఒకటి. "అదేందమ్మా, అదొక్కటే ఎర్రగా ఉండాది?" అని అడిగాడు. ఓనరు ఏదో అనబోయాడు. నేను సారు నేర్పినట్టే, ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాను. "మీటరు చెడిపోతే, చలి ఎంతుందో నాకు తెలీదని ఇది చెప్పల్లప్పా. ఇంకా సున్నా అనే అంటా ఉండాది. ఇట్లే పెడితే మీ పూలు మళ్ళా కుళ్ళిపోతాయి."

రైతు ఓనరు ముఖం చూడలేదు. గోడ మీద ఫొటోను చూశాడు. "అది పచ్చబడినంక పిలవండి" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ పని నా చేతిలో ఉంది. కీబోర్డు మీద సారు వదిలేసిన చేతిగుడ్డతో తెర తుడుచుకుని కూర్చుంటాను. ఆ వరుస ఇంకా ఎర్రగానే ఉంది. ఫొటో మీద దండ నల్లబడి వాసన మొదలైంది. తీసెయ్యమని ఓనరు కబురు పెట్టాడు, నేను కదల్లేదు. తన గదికి పోవాలంటే దాని పక్క నుంచే దారి. ముక్కు మూసుకుని పోతున్నాడు.