నానమ్మ ముఖం మీద బంతిపువ్వు

స్పానిష్ నేర్చుకోవడానికి మెక్సికో వెళ్తున్నానంటే జహీరాబాద్‌లో మా గల్లీవాళ్లంతా అడిగింది ఒక్కటే: "గాడ బియ్యం దొరుకుతయా?" దొరికాయి. భాషే ఓ పట్టాన దొరకలేదు.

క్లాసులు సగానికి వచ్చేసరికి చనిపోయినవాళ్ల పండుగ వచ్చింది. మన పెత్రమాస లాంటిదే, కాకపోతే కాకి కోసం మెడ నొప్పెట్టేదాకా చూడక్కర్లేదు. పోయినవాళ్ల ఫొటోలు పెట్టి, చుట్టూ బంతిపూలు పరిచి, తీపి బన్నుల్లాంటి తినేవి పెడతారు. నేనుంటున్న ఇంటి పెద్దావిడ మా ఇంట్లో పోయినవాళ్ల ఫొటో కూడా ఇమ్మంది. నిరుడు పోయిన తాత ఒక్కడే ఉన్న ఫొటో నా ఫోన్‌లో లేదు. ఉన్నదాంట్లో పక్కనే నానమ్మ కూర్చుని ఉంది. నానమ్మను కత్తిరిద్దామనుకుంటుండగానే ఆవిడ ఫోన్ లాక్కుని, ప్రింటు తీయించి, ఇద్దరికీ కలిపి దండ వేసేసింది.

నానమ్మ జహీరాబాద్‌లో నిక్షేపంలా ఉంది! పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునే మనిషి, ఇది చూస్తే జన్మలో నాతో మాట్లాడదు. నాకొచ్చిన స్పానిష్‌తో బస్సు ఎక్కడాగుతుందో అడగొచ్చు గానీ, బతికున్నవాళ్ల ఫొటోకు దండ వేయకూడదని చెప్పడం నా వల్ల కాలేదు. ఆవిడ అటు తిరగ్గానే నానమ్మ ముఖం మీద ఓ పెద్ద బంతిపువ్వు అంటించాను.

సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి వీడియో కాల్. తెరంతా నానమ్మ నుదురే. ఫోన్ పట్టుకోవడం ఆమెకు అలాగే వచ్చు.

"ఏదో పండుగంటివి గదనే, జర సూపియ్యి."

తప్పించుకోలేక చూపించాను.

"షుగరున్నోనికి గా తీపి బన్నేంది?" అంది ముందు. తర్వాత కళ్లు చిట్లించి, "నా మొఖం మీద గా పువ్వేందే?"

"నువ్వు మంచిగున్నవ్ కద నానమ్మా... అపశకునమని..."

ఆమె నోరు తెరిచింది. తిట్లు మొదలయ్యాయనుకుని ఫోన్ కాస్త దూరంగా పట్టుకున్నాను.

"తియ్యి దాన్ని. బీదర్ దవాఖానకు పోవాల్నన్నా నన్ను ఎంటబెట్టుకొని పోయెటోడు. ఒక్కడే గంత దూరం పోయి, తెల్వనోళ్ల నడుమ కూసొని ముద్ద మింగుతడా?"

పువ్వు తీసేశాను. నానమ్మ తెరకు ఇంకాస్త దగ్గరికి జరిగి, నన్ను కాదు, తాతను చూస్తూ అంది:

"ఇగ తిను."