మంచు మీద గోచికట్టు

పోయిన మంగళవారం పొద్దున కర్నూలులో మా మేనత్త కన్నుమూసింది. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. ఆ పొద్దు కూడా మిద్దె పైకెక్కి, ఎండబోసిన వడియాలు తిరగేసి, కిందికి దిగి కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. నేను పోయేసరికి ఇల్లంతా జనం. దూరపు చుట్టం ఒకామె నా చెయ్యి పట్టుకొని, "బంగారట్లాంటి మనిషి. ఎవురికీ ఎదురు చెప్పి ఎరగదు" అని ఏడ్చింది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది.

పోయినవాళ్లను మెత్తగా చేసి సాగనంపడం మనకు అలవాటు. మా అత్తను అట్లా పంపడానికి నాకు మనసొప్పడం లేదు. కన్నతండ్రికి, పోటీలు పెట్టిన దొరసానులకు, ఊరి పెద్దలకు, చివరికి ఆ డాక్టరుకు కూడా ఎదురు చెప్పిన మనిషి ఆమె. ఆ సంగతులు తెలిసినవాళ్లలో మిగిలింది నేనే కాబట్టి రాస్తున్నాను.

అత్త పుట్టింది కోయిలకుంట్ల దగ్గర ఒక నల్లరేగడి పల్లెలో. పెళ్లి చేసుకున్న మామకు సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. స్వతంత్రం వచ్చిన కొత్తలో, చలికాలం మొదట్లో, ఆయన వెంట అక్కడికి పోయింది. ఆ ఊళ్లో టెన్నిస్ ఆడే మైదానంలో సాయంత్రం నీళ్లు పెట్టి వదిలేస్తారు. తెల్లారేసరికి అది గాజుపలకలా గడ్డకడుతుంది. అడుగున ఇనుప బద్దె ఉన్న బూట్లు తొడుక్కొని జనం దాని మీద జారుతుంటారు. అత్త మొదటి రోజు చూసింది. రెండో రోజు బూట్లు అడిగింది. ఆ చలికాలమంతా పడింది. మోచేతులు, మోకాళ్లు కమిలిపోయేవని మామ చెప్పేవాడు. పక్కనే ఉంటే అత్త సరిదిద్దేది, "తుంటి కూడా" అని.

పడటం గురించి ఆమెకు ఒక మాట ఉండేది. తర్వాత మాకూ అదే చెప్పింది. "పడినంక ఎవురన్నా చూసినారేమోనని సుట్టూ చూడొద్దు. ముందు మోకాలు చూసుకో."

మంచు మీద జంటగా చేసే నాట్యం మీద ఆమె మనసు పడింది. అందులో గంతులుండవు, మనిషిని ఎత్తడాలుండవు. ఇద్దరు చేతులు పట్టుకొని, బ్యాండు వాయించే తాళానికి అడుగు తప్పకుండా, ఒక్క మనిషే జారుతున్నట్టు జారాలి. మామ ఒకసారి ప్రయత్నించి మణికట్టు బెణికించుకొని, "నేను గట్టు మీద ఉంటాలే" అన్నాడు. చివరిదాకా ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆమె చెప్పులు, శాలువ పట్టుకొని బెంచీ మీద కూర్చునేవాడు. అత్తకు జంటగా దొరికింది ఒక పంజాబీ డ్రాయింగు మాస్టారు. దేశవిభజనలో లాహోరు నుంచి ఒంటరిగా వచ్చిన మనిషి. భార్యాబిడ్డలు ఏమయ్యారో ఆయన ఎవరికీ చెప్పలేదు, అత్తా మామా అడగలేదు. మొదట్లో ఒకరి భాష ఒకరికి రాదు. తాళమే మాట.

పోటీకి పేరిచ్చినప్పుడు చీర దగ్గర గొడవ వచ్చింది. ఆడవాళ్లు మోకాళ్ల దాకా గౌను తొడుక్కోవాలని నియమం. అత్త చీరను గోచి పోసి, బిగించి కట్టుకొని వచ్చింది. అది పనికిరాదని, కాళ్లకు అడ్డం పడుతుందని నిర్ణేతల్లోని ఒక దొరసాని చెప్పింది. అత్త మాటను మామ ఇంగ్లీషులో చెప్పాడు. "మా పల్లెలో ఈ కట్టుతోనే గొర్రు తోల్తారు, బాయిలోకి దిగుతారు, బండెక్కుతారు. కాలికి అడ్డం పడిండేది ఎన్నడూ చూడలేదు."

ఆ ఏడు ఆమెను పోటీకి రానివ్వలేదు. అత్త ఇంటికి పోలేదు. బహుమతులు పంచి, అందరూ టీ తాగుతూ ఉండగా మాస్టారును వెంటబెట్టుకొని మంచు మీదికి దిగింది. బ్యాండు వాళ్లు వాయిద్యాలు సర్దుకుంటున్నారు. వాళ్లలో ఒకతను చూసి, పెట్టెలో పెట్టిన క్లారినెట్ మళ్లీ బయటికి తీశాడట. టీ కప్పులు పట్టుకున్న వాళ్లంతా గట్టు దగ్గరికి వచ్చారు. మరుసటి ఏడు నియమాల్లోంచి గౌను మాట పోయింది.

ఈ లోపల ఊరికి కబురు చేరింది. ఫలానా వాళ్ల కూతురు సిమ్లాలో పరాయి మగవాని చెయ్యి పట్టుకొని ఆడుతూ ఉందని. మా నాయనకు నాయన, నేను అబ్బ అని పిలిచే పెద్దాయన, అప్పటిదాకా శ్రీశైలం దాటి ఎక్కడికీ పోలేదు. కంబళి భుజాన వేసుకొని మా నాయనను వెంటబెట్టుకొని రైలెక్కాడు. కూతుర్ని తీసుకురావాలని.

వాళ్లు సిమ్లా చేరింది సరిగ్గా ఆ మరుసటి ఏటి పోటీ రోజు పొద్దున. అత్త మంచు మధ్యలో ఉంది. అబ్బ గట్టు మీద నిలబడి పిలిచాడు. ఆమె "వస్తాండా నాయనా" అంది కానీ రాలేదు. అబ్బకు కోపమొచ్చి, కిర్రుచెప్పులతోనే మంచు మీదికి దిగి నాలుగడుగులు వేశాడు. అక్కడితో కాళ్లు నిలవలేదు. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. కంబళి జారిపోతోంది. అందరూ చూస్తున్నారు. అత్త జారుతూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నడువు ఇంటికి," అన్నాడు అబ్బ.

"పోటీ ఉండాది నాయనా."

"నువ్వీడ పరాయోని చెయ్యి పట్టుకుంటే, ఊళ్లో నేను తలెట్ల ఎత్తుకోవాల?"

"అది తర్వాత చూస్తాం. ఇప్పుడు నా చెయ్యి పట్టుకోకుంటే నువ్వు గట్టుకు చేరవు."

అబ్బ జారిపోతున్న కంబళిని పైకి లాక్కున్నాడట. తర్వాత చెయ్యిచ్చాడు. ఆమె ఆయన్ను మెల్లగా లాక్కొచ్చి మామ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, కంబళి కప్పి, మళ్లీ వెళ్లిపోయింది.

ఆ పోటీలో అత్తకు ఏ బహుమతీ రాలేదు. ఆ రాత్రి అత్త ఇంట్లో అన్నం తినేటప్పుడు అబ్బ అడిగాడు, "గెలిచినావా?"

"లేదు."

"మరి ఎందుకు నవ్వుతాండావు?"

"దిగినా కదా నాయనా."

అబ్బ మర్నాడే రైలెక్కాడు. కూతుర్ని తీసుకురాకుండానే తిరిగొచ్చాడు. రచ్చబండ దగ్గర అడిగినవాళ్లకు ఆయన చెప్పిన మాట నేను చెవులారా విన్నాను. "మీరు పోయి ఆ మంచు మీద నాలుగడుగులు నడిచి రాండప్పా. అప్పుడు మాట్లాడుకుందాం." ఆ మాట ఆయన అత్తతో మాత్రం ఎన్నడూ అనలేదు. మెచ్చుకోనూ లేదు. తండ్రీకూతుళ్లు ఒకరికొకరు లొంగే రకం కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు మామకు ఇక్కడ ఉద్యోగం ఇస్తామన్నారు. సొంతజిల్లా, ముసలి తల్లి. ఆయనకు రావాలని ఉండింది. "ఒక్క చలికాలం ఆగు" అంది అత్త. ఆయన ఆగాడు. మంచి ఉద్యోగం చేజారింది, తర్వాత దొరికింది చిన్నది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తిపొడిచింది లేదు. ఆ చలికాలం అత్తకు, మాస్టారుకు మొదటి బహుమతి వచ్చింది. వెండి కప్పు ఎవరి దగ్గర ఉండాలన్న మాట వస్తే, "నీ ఇంట్లో ఒక వస్తువుండనీ" అని అత్త దాన్ని మాస్టారుకే ఇచ్చేసింది. మేమెవరమూ ఆ కప్పును చూడలేదు.

కర్నూలుకు వచ్చింది ఎండాకాలంలో. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజులు. నీళ్లు గడ్డకట్టడం మాట దేవుడెరుగు, కుండలో నీళ్లే వెచ్చగా ఉండేవి. "ఇంక ఆ ఆట మరిచిపోవాల్సిందే" అన్నారు అందరూ. అత్త మద్రాసు నుంచి చక్రాల స్కేట్లు తెప్పించింది. ఊరి చివర నూనెమిల్లులో శెనక్కాయలు ఎండబోసే సిమెంటు కళ్లం ఉండేది. మిల్లు యజమాని భార్యను పోయి అడిగింది. ఆమె తన కూతురికి కూడా నేర్పాలన్న షరతు మీద సాయంత్రాలు కళ్లం ఇచ్చింది. ఆ అమ్మాయి, చదువు కోసం అత్త దగ్గర చేరిన నేను, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు. పరికిణీలకు గోచి పోసి కట్టేది అత్త. మేం పడితే లేపేది కాదు. లేచేదాకా పక్కన నిలబడేది.

కొన్నాళ్లకు వీధి పెద్దలు ముగ్గురు మామను వెతుక్కుంటూ కళ్లానికి వచ్చారు. ఆడపిల్లలు చెడిపోతారని చెప్పడానికి. మామ లేడు. అత్త కళ్లంలో చుట్టు తిరుగుతూ ఉంది.

"నిలబడమ్మా, నీతో మాట్లాడాల," అన్నాడు అందరిలోకి పెద్దాయన.

"మాట్లాడు పెద్దాయనా, వినపడతాండాది," అంది అత్త, నిలబడకుండా.

ఆయన మొదలుపెట్టాడు. ఆమె వెనక్కి పోతే వెనక్కి తిరగాలి, పక్కకు పోతే పక్కకు తిరగాలి. పరువు, సంప్రదాయం అంటూనే ముగ్గురూ నిలబడినచోటే గిరగిర తిరుగుతున్నారు. కాసేపటికి తల తిరిగి, ఒకరి తర్వాత ఒకరు శెనక్కాయల మూటల మీద కూలబడ్డారు. అత్త నవ్వలేదు. మమ్మల్నీ నవ్వనివ్వలేదు.

పొద్దు వాలుతోంది. చక్రాల కింద శెనక్కాయ పొట్టు చిటపటలాడుతూ ఎర్రటి దుమ్ముతో కలిసి లేస్తోంది. అత్త మూటల మీది పెద్దల ముందు నుంచే, వాళ్ల వైపు చూడకుండా, ఎడమచెయ్యి పక్కకు చాచి, అక్కడ ఎవరో పట్టుకొని ఉన్నట్టు వేళ్లు కొంచెం వంచి, పెద్ద మలుపు తీసుకుంటోంది.