‘ఓ’ అన్నదాంక

మా ఇంట్ల ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన నా పెనిమిటి, చిన్నోడు నా మరిది. ఒకాయన తెల్లారకముందే గడ్డపార పట్టుకుంటడు. ఇంకొకడు పొద్దు నెత్తిమీదికొచ్చినా మంచం దిగడు. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లు గిట్లెందుకయిండ్రో నాకు సమజ్ గాకపోయేది. మరిదిని తిట్టని రోజు లేదు. "మంచాన్ని దొంగలెత్తుకపోతరని కావలుంటున్నవా?" అంటే నవ్వి అటు మర్లి పండేటోడు. నాకు ఒళ్లు మండేది.

రజాకార్ల గడబిడ సద్దుమణిగి అప్పటికి కొన్నేండ్లయింది. ఇప్పుడు కంపెనీల గోడలున్న కాడ, ముత్తంగి దిక్కు, అప్పుడు మా చెలక. చెలకల్నే ఇల్లు, ఇంటి ముంగట నీళ్లు పడని బాయి. మా మామ, అంటే ఈళ్ల నాయిన, ఆ బాయి తవ్వుతుంటేనే గడ్డ విరిగి మీద పడ్డదట. ఒడ్డుమీద ఈ పోరగాండ్లిద్దరే ఉన్నరట. "నాయినా, నాయినా" అని పొద్దూకేదాంక పిలిచిండ్రట. లోపలికెంచి మాట రాలేదట.

నేను కాపురానికొచ్చినంక ఒక ఎండకాలం నా పెనిమిటి అదే బాయిల దిగిండు. "నీళ్లు పడేదాంక ఇడిసిపెట్ట" అన్నడు. ఒద్దని కాళ్లమీద పడ్డ. ఇనలే.

మామ పోయినంక మా ఇంట్ల ఒక పద్ధతి పెట్టుకున్నరు. బాయిల ఉన్నోడిని ఒడ్డుమీదోళ్లు పిలుస్తుండాలె, ఆయన "ఓ" అంటుండాలె. పెనిమిటి పేరు నోట రావద్దు గద, నేను ఒంగి "ఇంటున్నవా?" అనేది. కిందికెంచి "ఓ". ఇద్దరు కూలోళ్లు గంప గుంజేటోళ్లు, నేను మన్ను పారబోసేది, మల్ల పిలిచేది. ఆ "ఓ" ఇనవడేదాంక నా పుస్తెను ఆ గిరకకే కట్టి ఏలాడదీసినట్టుండేది.

ఆయనకు అన్నిట్ల జల్దీ. మన్ను దూరం మోసుకపోతే యాళ్లయితదని, "గాడనే ఒడ్డుమీద పొయ్యిండ్రి" అన్నడు. "బరువుకు గడ్డ జారదా?" అన్న. "ఏం గాదు తీ" అన్నడు. రోజురోజుకు ఒడ్డుమీద కుప్ప పెరిగింది, నాకు గుబులు పెరిగింది.

ఒకనాడు పొద్దుగాల దబ్బున సప్పుడైంది. చూస్తే మన్ను కుప్ప లేదు, ఒడ్డు లేదు. బాయిల దుబ్బ లేస్తుంది. "ఇంటున్నవా?" అన్న. "ఓ" రాలే. "అనరాదయ్యా, నీ కాల్మొక్త!" అని మొత్తుకున్న. కూలోళ్లు మోకు ఏసేలోపల మరిదిని పిలుద్దామని ఇంట్లకురికిన. రెండు చెవులు మూసుకొని మంచంల ముడుసుకున్నడు. దినమంత నా పిలుపు మరిది చెవులవడుతనే ఉన్నదని అప్పుడు తెలిసింది. తిట్టకుంటనే బాయికాడికి మర్లి ఉరికిన.

బాయిల దగ్గు ఇనవడ్డది. నడుముల దాంక కూరుకపోయిండు. ఎట్లనో గుంజి ఏసిండ్రు.

తెల్లారి మల్ల గడ్డపార పట్టిండు! "నీకు భయం గాదా?" అని గయ్యిమన్న.

"ఎందుకు గాదు? దిగకుంటే ఇంకింత అయితది. ఒక్కదినం కూసున్ననంటే తమ్మునోలె పడిపోత. మల్ల లేవ."

ఇద్దరినీ పట్టుకున్నది ఒక్కటే భయమని ఆనాడు సమజైంది. మరిదిని తిట్టుడు బంద్ చేసిన.

వానలకు ముందే నీళ్లు పడ్డయి. ఊరోళ్లొచ్చి చూసిపోయిండ్రు. నేను కొబ్బరికాయ కొట్టి ఏడ్సిన. ఆయన మాత్రం గడ్డపార మూలకు పెట్టి, తమ్ముని పక్కపొంటి మంచమేసుకొని పండిండు. అలిసిండు పాపం అనుకున్న. తెల్లారి లేవలే. ఆ మర్నాడు గూడ లేవలే. బువ్వ పెడితే ముట్టలే. జరమా అంటే ఒళ్లు సల్లగనే ఉన్నది. కండ్లు తెరుసుకొని గోడ దిక్కు చూస్తుండు.

బాయి ఒడ్డున గూడ నాకంత భయం కాలే. గడపల నిలవడి, అలవాటయిన మాటే అన్న: "ఇంటున్నవా?"

సప్పుడు లేదు. ఇంకింత గట్టిగ అన్న. ఆయన మర్లలే.

మరిది మంచంమీద లేచి కూసున్నడు. అన్న ఈపుమీద చెయ్యేసి, నా దిక్కు చూసి, అన్నకు బదులు తనే "ఓ" అన్నడు.