కొలతల పుస్తకంలో కూతురి పేజీ

టైలరమ్మ చేతికి టేపు దొరికితే చాలు, ఎవరి గుట్టయినా ఇట్టే తేలిపోతుంది. ఒక భుజం దిగినవాళ్లు, ఊపిరి బిగబట్టి పొట్ట దాచుకునేవాళ్లు, అందరి లెక్కా ఆమె కొలతల పుస్తకంలో మనిషికో పేజీ చొప్పున ఉంటుంది. నోరు కాస్త పెద్దదే గానీ మనసు వెన్న.

ఆమె అన్నయ్యకు ఇరవయ్యో ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. ఎవరూ లేని గదిలో ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకునేవాడు. ఇప్పుడు మందులు వేసుకుంటూ, దుకాణంలో కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకు కాజాలు కుడతాడు. అంత నాజూకైన కాజాలు చుట్టుపక్కల ఇంకెవరికీ చేతకావు.

కూతురికి ఇరవై నిండినప్పటి నుంచి టైలరమ్మకు గుండెల్లో రాయి పడింది. పిల్లది అచ్చం మేనమామ ముక్కు. ఆ పోలిక ముక్కుతోనే ఆగిందా? ఎవరినైనా అడుగుదామంటే నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం కూతురు చొక్కా కత్తిరించుకుందామని పుస్తకంలో తన పేజీ తీసింది. కొత్త కొలతలు లేవు. 'సోమవారం: ఒంటరిగా నవ్వింది. గురువారం: మూడుసార్లు పిలిస్తే గానీ పలకలేదు.'

"ఇదేంటమ్మా? నవ్వింది ఫోన్లో జోకు చూసి! నాకూ ఆ జబ్బొస్తుందనా?"

కిటికీ దగ్గర సూది ఆగింది. టైలరమ్మ గొంతు తగ్గించింది. "మావయ్యకి వచ్చింది కదే. రక్తంలో ఉంటుందంటారు."

"అంటారు సరే, డాక్టర్ని అడిగావా?"

అడగలేదు. మర్నాడు కూతురే ఆమెను మావయ్యకి మందులు రాసే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"వంశంలో ఉంటే అవకాశం కాస్త ఎక్కువే," అంది డాక్టరమ్మ. "కానీ ఇది ఒక్క జన్యువు పని కాదు. ఎన్నో జన్యువులు తలా కాస్త చెయ్యి వెయ్యాలి, పైగా బతుకులో ఇంకా ఎన్నో కలవాలి. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ఒకరికొచ్చి రెండోవాళ్లకి రాకపోవడం మామూలే. మేనకోడళ్లలో వందకి తొంభై అయిదుమందికి రాదమ్మా."

"ఆ మిగతా అయిదుగురిలో ఇది ఉంటే?"

"చూసుకుంటారు. మీ అన్నయ్యని చూసుకోవట్లేదూ?"

ఇంటికొచ్చాక కూతురు మళ్లీ పుస్తకం తిప్పింది. మావయ్య పేజీలో ఏళ్ల తరబడి ఛాతీ, భుజం, చెయ్యి పొడుగు. జబ్బు మాట ఒక్కటీ లేదు.

"మావయ్యకి చొక్కా కొలతలు రాశావు. మరి నా పేజీలో ఇవన్నీ ఎందుకమ్మా?"

టైలరమ్మకు సిగ్గుతో, ప్రేమతో కళ్లు నిండిపోయాయి.

కిటికీ దగ్గర్నుంచి అన్నయ్య తల ఎత్తకుండానే అన్నాడు: "టేపు తియ్యవే చెల్లాయ్. పిల్ల చొక్కాకి కాజాలు నేను కుడతా."

ఆమె ఆ పేజీ చింపేసింది. పిల్ల భుజాన టేపు పెట్టి రెండుసార్లు కొలిచింది. కొత్త పేజీలో రాసుకుంది: 'భుజం, పద్నాలుగున్నర.'