అత్తమ్మ చెయ్యెత్తితే ఆగిన రైలు

ఈ రోజు మా ఆడపడుచును రైలెక్కించడానికి అత్తమ్మతో కలిసి కామారెడ్డి అవతల ఓ పల్లె స్టేషన్‌కు వెళ్లాను. మా బాన్సువాడకు రైలు లేదు. అత్తమ్మకేమో బస్సెక్కితే వాంతులు. కూతురు ప్యాసింజర్‌లో కిటికీ పక్కన హాయిగా కూర్చుని వెళ్లిపోతుంటే ఆమె కళ్లార్పకుండా చూసింది.

కాసేపటికి ఓ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. అది ఆ స్టేషన్‌లో ఆగదు. అత్తమ్మ బెంచీ మీది నుంచి లేచి, రోడ్డు మీద బస్సును ఆపినట్టు చెయ్యెత్తింది.

"అవ్వా, చెయ్యెత్తితే ఆగనీకి గిది బస్సా?" అని స్టేషన్ ఉద్యోగి నవ్వాడు. ఆయన నవ్వు పూర్తికాకముందే బండి కీచుమంటూ ఆగింది.

"సిగ్నల్ లేక ఆగిందవ్వా," అన్నాడాయన కంగారుగా.

"నేను చెయ్యెత్తిన, ఆగింది. మధ్యల నీ సిగ్నల్ ఏంది? బాన్సువాడ పోతదా, చెప్పు."

"బాన్సువాడకు పట్టాలే లేవు."

"గట్లనా? అయితే పోనియ్," అంటూ అత్తమ్మ ఇంజన్ వైపు చెయ్యి ఊపింది. "రైట్ రైట్!"

బండి కదిలింది. ఒట్టు!

ఉద్యోగి సిగ్నల్ వైపోసారి, అత్తమ్మ వైపోసారి చూశాడు. పక్క బెంచీ మీది పెద్దాయన మాత్రం లేచి వచ్చి, "అక్కా, మా బండి గూడ లేటున్నది. జర చూడరాదు?" అని వినయంగా అడిగాడు.

అత్తమ్మ వాంతులతోనే బస్సులో తిరిగొచ్చాం. ఇప్పుడు వాడకట్టంతా మా వాకిట్లో కూర్చుని, బాన్సువాడకు రైలెప్పుడు తెస్తావని అత్తమ్మను అడుగుతోంది. "చూద్దాం తియ్," అంటోంది ఆమె. మీ ఊరికీ కావాలంటే ఇప్పుడే చెప్పండి, మంచి హుషారు మీదుంది.