అవ్వ పట్టుకున్న యాంటెనా వైరు

నిన్న కొత్త టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెడుతుంటే మా కొడుకు అన్నడు: "డాడీ, ఇగ రాబొయ్యే టీవీలకు గీ వైరు సుత ఉండదట."

పోతె పోనీ గని, నాకు మంథని ఇంట్ల పట్టీ లెక్క ఉండే యాంటెనా వైరు యాదికొచ్చింది. ఎర్ర, పసుపు, తెల్ల పిన్నులు రాకముందటి ముచ్చట. మీ ఇంట్ల సుత ఉండె గదా దోస్తులూ? ఆ వైరు కొసను ఎవరన్న వేళ్లతోని పట్టుకుంటెనే బొమ్మ సాఫ్‌గ వచ్చేది. మా ఇంట్ల ఆ పని మమ్ముల కన్న అవ్వది. టీవీ ఎనుక నిలవడేది కాబట్టి ఆమెకు బొమ్మ కనవడకపొయ్యేది.

ఆ దినం గోదారి పొంగింది. పొద్దుగాల గోదారి అవుతలి లక్సెట్టిపేటకు బస్సెక్కిన మా అన్న ఇంకా రాలే. సాయంత్రం వార్తలల్ల వరద చూపెడుతున్నరు. బయట ఒకటే ఉరుములు, మెరుపులు.

"వైరు ఇడిశిపెట్టు, పిడుగు పడ్తది!" అని బాపు ఒర్రిండు.

"పిలగాని సంగతి తెలిసేదాక ఇడువ. బస్సు కనవడుతుందా?" అన్నది అవ్వ.

తెర నిండ నీళ్లే. మేమంత బస్సు కోసం చూస్తున్నం. అంతల బొమ్మ పోయి చుక్కలు చుక్కలైంది.

"అవ్వా, వైరు పట్టు!" అని నేను మొత్తుకున్న.

అవ్వ పట్టలే. మేమందరం టీవీ దిక్కు చూస్తుంటే, ఆమె ఒక్కతే మా ఎనుకున్న తలుపు దిక్కు చూస్తుండె. తలుపుకాడ అన్న, నెత్తి నుంచి నీళ్లు కారుకుంట నిలవడ్డడు.