వెనక్కి పంపిన దుప్పట్లు

సాంఘిక సంక్షేమ శాఖలో సహాయ అధికారిగా నన్ను ఉట్నూరుకు వేసిన ఏడాది చలి ముందే వచ్చేసింది. చుట్టుపక్కల మండలాల హాస్టళ్ల తనిఖీ నా పని. బియ్యం మొదలు సబ్బుల దాకా పిల్లలకు సర్కారే ఇస్తుంది. దుప్పట్లూ ఇస్తుంది కానీ, టెండర్లు తేలి అవి వచ్చేసరికి చలికాలం సగం గడిచిపోతుంది. అందుకే దాతలు వస్తామంటే మేం ఎగిరి గంతేసేవాళ్లం.

డిసెంబరు మొదట్లో హైదరాబాదు కంపెనీ ఒకటి బాలికల హాస్టల్‌కు వ్యాను నిండా దుప్పట్లు పంపింది. లాభాల్లో కొంత సమాజానికి ఖర్చు పెట్టాలని పెద్ద కంపెనీలకు చట్టం ఉంది. ఖర్చు పెట్టినట్టు రుజువుగా ఒక్కో పిల్ల దుప్పటి పట్టుకుని బ్యానర్ కింద ఫోటో దిగాలి. ఫోటో లేకపోతే ఇవ్వనట్టే లెక్క. బ్యానర్ మీద ‘నిరుపేద అనాథ బాలికలకు మా కానుక’ అని ఉంది.

వరుసలో ముందున్న రూతు అనే ఎనిమిదో తరగతి అమ్మాయి అది చదివి పక్కకు జరిగింది. వార్డెన్ గదమాయిస్తే నా వైపు తిరిగింది.

“మా బాపు బతికే ఉన్నడు సార్. దుబాయిల పనిజేస్తుండు. ఐతారం ఐతారం చర్చిల ఆయన పేరు చదివి ప్రార్థన జేస్తరు, నేను ఆమెన్ అంట. గీ ఫోటో ఫోన్ల బాపు సూస్తే ఏమనుకుంటడు? నేను నిలబడ సార్.”

నాకు సిగ్గేసింది. ఆ హాస్టల్లో తల్లీతండ్రీ లేని పిల్ల ఒక్కతీ లేదు. ‘అనాథ’ అన్న మాట మీద కాగితం అంటిద్దామని కంపెనీ ప్రతినిధితో అన్నాను. పాపం, మర్యాదస్తుడే. పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. అన్ని జిల్లాలకూ అదే బ్యానర్, మార్చడం కుదరదన్నారు. అయితే దుప్పట్లూ అక్కర్లేదన్నాను. వ్యాను నిండుగానే తిరిగిపోయింది. న్యాయం చేశానని నాకు లోలోపల కాస్త గర్వంగానే ఉంది.

ఆ గర్వం ఆదివారం దాకానే నిలిచింది. బిడ్డను చూడటానికి జైనూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి నన్ను ఆఫీసు మెట్ల మీదే ఆపింది.

“గా పిల్ల వద్దన్నది, మంచిదే. గామెకు బలవంతం జెయ్యొద్దు. మరి మా పోరి వద్దన్నదా సార్? చలికి దగ్గువట్టి పరేషాన్ అయితుంది. వాపస్ పంపేముందు మమ్ముల ఒక్క మాట అడగకపోతిరి.”

ముందు కోపం వచ్చింది. తర్వాత ఆమె అన్నది నిజమేననిపించింది. జిల్లా కార్యాలయం చుట్టూ తిరిగి పాత గోదాము నుంచి దుప్పట్లు తెచ్చేసరికి సంక్రాంతి దాటింది. అప్పటికి ఆ తల్లి బిడ్డ దగ్గు ముదిరి ఇంటికి వెళ్లిపోయింది. పరీక్షలకు గానీ మళ్లీ రాలేదు.

ఆ బ్యానర్ కింద ఫోటోలు తీయనివ్వకపోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఇచ్చేవాడు తన పేరు కోసం పిల్ల ముందు బతికున్న తండ్రిని లేకుండా చేయకూడదు. కానీ వ్యాను తిరిగిపోయిన ఆ రాత్రి నా ఇంట్లో నాకు రగ్గు ఉంది. వద్దన్నది నేను, వణికింది వాళ్లు.